మొరైన్ లేక్ సూర్యోదయం: ఏ టైమ్‌కి ఏం తీయాలి, దేని మీద డబ్బు పెట్టొద్దు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. జూలై మొదటి వారంలో అమ్మానాన్నలను తీసుకుని కెనడాలోని కాల్గరీకి వస్తున్నారు. బాన్ఫ్ నేషనల్ పార్క్‌లో మొరైన్ లేక్ దగ్గర సూర్యోదయం ఫోటో తీయాలని ఉంది. మీ దగ్గర క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్) కెమెరా, 18-55 కిట్ లెన్స్, 55-250 జూమ్, తేలికపాటి ట్రైపాడ్ ఉన్నాయి. ఇంతకుముందు వేరే చోట ఇలాంటి ఫోటో తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోయింది, నీళ్లు నల్లగా వచ్చాయి. నెట్‌లో కనిపించే గులాబీ రంగు కొండలు, నీలం-ఆకుపచ్చ నీళ్లు రెండూ ఒకే ఫోటోలో రావాలంటే ఏ సెట్టింగ్స్ పెట్టాలి, గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ లాంటివి ఏవి కొనాలి, తేలికపాటి ట్రైపాడ్ సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఆ రెండూ ఒకే క్లిక్‌లో రావు. అది మీ కెమెరా లోపం కాదు. పొద్దుటి ఎండ ముందు శిఖరాల కొసలకు తగులుతుంది. సరస్సు అప్పటికి ఇంకా నీడలోనే ఉంటుంది. నీళ్లకు ఆ రంగు తేలాలంటే వాటి మీద నేరుగా ఎండ పడాలి. దానికి ఇంకో రెండు మూడు గంటలు ఆగాలి. కాబట్టి సూర్యోదయానికి దాదాపు గంట ముందే రాక్‌పైల్ (సరస్సు చివరి రాళ్ల గుట్ట) ఎక్కి కూర్చోండి. కొండ మీది వెలుగు చూసుకుని ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి ఎంత వెలుగు రావాలో) పెట్టండి, నీళ్లు ముదురుగా వస్తే రానివ్వండి. ఎండ బాగా ఎక్కాక అదే చోటి నుంచి నీళ్ల కోసం మళ్లీ తీయండి. ఫిల్టర్లకు దాచుకున్న డబ్బు షటిల్ బస్సు టికెట్‌కీ, పక్కనున్న లేక్ లూయిస్ ఊరి దగ్గర్లో ఒక రాత్రి బసకీ పెట్టుకోండి. కాల్గరీలో ఉంటూ వారాంతాల్లో ఆ కొండలకే పోయేవాడిగా నేనిచ్చే సలహా ఇది. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు దిక్కులు తెలియాలి. మొరైన్ లేక్ సముద్ర మట్టానికి సుమారు 1,885 మీటర్ల ఎత్తున ఉంటుంది. చుట్టూ ఉన్న పది శిఖరాల్లో చాలావరకు 3,000 మీటర్లు దాటినవే. దాన్నే వ్యాలీ ఆఫ్ ద టెన్ పీక్స్ అంటారు. 1969, 1979 సిరీస్ కెనడా ఇరవై డాలర్ల నోటు వెనక ఉన్నది ఈ దృశ్యమే. సరస్సు నీళ్లు బయటికి పారే చివర ఒక పెద్ద రాళ్ల గుట్ట ఉంది, అదే రాక్‌పైల్. అందరూ చూసిన ఫోటో దాని మీద నుంచి తీసిందే. అక్కడ నిలబడితే మీ చూపు దాదాపు నైరుతి వైపు ఉంటుంది. జూలైలో సూర్యుడు ఆ అక్షాంశంలో నికరంగా ఈశాన్యం నుంచి లేస్తాడు. అంటే వెలుగు మీ వీపు వెనక నుంచి వచ్చి ఎదురుగా ఉన్న శిఖరాల మీద పడుతుంది. మీ ఎడమ పక్కన టవర్ ఆఫ్ బేబెల్, దాని వెనక మౌంట్ బేబెల్ గోడలా నిలబడి ఉంటాయి. సరస్సు మీదికి ఎండ రాకుండా చాలాసేపు అడ్డుపడేది అవే.

ఈ సంగతి తెలియక చాలామంది సూర్యుడు కొండల మధ్య నుంచి లేచి నీళ్లలో మెరుస్తాడని ఊహించుకుని వస్తారు. మొరైన్‌లో ఉదయం సూర్యుడు ఫ్రేమ్‌లోకే రాడు. మీరు తీసేది సూర్యోదయాన్ని కాదు, సూర్యోదయం కొండ మీద చేసే పనిని. ఇదొకందుకు మంచిదే. ఎదురు వెలుగు తలనొప్పి ఉండదు, లెన్స్‌లో ఫ్లేర్ (వెలుగు మచ్చలు) రాదు.

ఇక టైమ్. జూలై మొదటి వారంలో అక్కడ సూర్యోదయం 5:35, 5:40 ప్రాంతంలో. నాలుగున్నరకే ఆకాశం నీలం తిరుగుతుంది. ఆ నీలం వెలుగులో సరస్సు ఉక్కు రంగులో, గాలి లేకపోతే అద్దంలా కనిపిస్తుంది. నన్నడిగితే చాలామంది ట్రైపాడ్ తీయకుండానే పోగొట్టుకునే అరగంట ఇదే. ఆ తర్వాత ఎత్తయిన కొసల మీద లేత గులాబీ కనిపించడం మొదలవుతుంది. సూర్యుడు దిగువన ఉన్నప్పుడు వెలుగు గాలి పొరల్లో చాలా దూరం ప్రయాణించాలి. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపే మిగులుతుంది, అందుకే ఆ రంగు. అది ఎంతోసేపు ఉండదు. కొన్ని నిమిషాల్లో గులాబీ నారింజ అవుతుంది, నారింజ పసుపవుతుంది. అరగంట తిరిగేసరికి కొండ మామూలు పగటి రంగులోకి వచ్చేస్తుంది. వెలుగుకూ నీడకూ మధ్య గీత శిఖరం మీద నుంచి కిందికి జారుతూ రావడం మామూలు కంటికే కనిపిస్తుంది.

అప్పుడు జనం బ్యాగులు సర్దుకుని కాఫీకి పరుగెత్తుతారు. మీరు పోకండి. నీళ్ల సంగతి అసలు మొదలయ్యేది ఆ తర్వాతే.

ఆ రంగు ఎలా వస్తుందంటే, పైన హిమానీనదాలు రాతిని రాసుకుంటూ కదిలినప్పుడు పిండి లాంటి రాతి పొడి తయారవుతుంది. కరిగిన నీటితో కొట్టుకొచ్చిన ఆ పొడి మునిగిపోకుండా నీళ్లలో వేలాడుతూ ఉంటుంది. ఎండ దాని మీద పడినప్పుడు నీలం, ఆకుపచ్చ వెలుగును చెదరగొట్టి మన కంటికి పంపిస్తుంది. నేరుగా ఎండ లేకపోతే ఆ రంగు అంతగా తేలదు, నీళ్లలో ఎక్కువగా కొండ నీడ, ఆకాశమే కనిపిస్తాయి. జూన్ మొదట్లో సరస్సు సగమే నిండి, అక్కడక్కడ మంచు పలకలు తేలుతూ ఉంటాయి. మంచు కరిగి నిండేది జూన్ రెండో సగంలో. జూలై మొదటి వారం నిండు సరస్సుకు మంచి సమయం, ఆ లెక్కన మీరు ఎంచుకున్న తేదీలకు వంక పెట్టక్కర్లేదు.

ఎక్స్‌పోజర్ సంగతి. మీ పాత ఫోటోలో ఆకాశం ఎందుకు తెల్లబడిందో చూద్దాం. పొద్దున్నే ఫ్రేమ్‌లో సగానికి పైగా చీకటి ఉంటుంది. అడవి, నీడలో ఉన్న సరస్సు, ముందున్న రాళ్లు. కెమెరా మీటర్ మొత్తం కలిపి సగటు తీసి, అబ్బో చాలా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. అడవి కనిపిస్తుంది కానీ ఆకాశం, ఎండ పడిన కొస కాలిపోతాయి, అంటే వట్టి తెలుపైపోతాయి. కాలిపోయిన చోట ఫైల్‌లో ఏమీ మిగలదు, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చివ్వలేదు. చీకటిలో మాత్రం చాలా మిగులుతుంది. మీ క్రాప్ సెన్సర్ కూడా రా ఫైల్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ఫైల్) నీడల్లోంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు) తేలిగ్గా లాగనిస్తుంది. అందుకని నియమం ఒక్కటే: వెలుగును కాపాడండి, నీడల సంగతి ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

చేతల్లో ఇలా. రా ఫార్మాట్ పెట్టండి. కెమెరాలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేయండి, కాలిన భాగాలు మిణుకుమిణుకుమంటాయి. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8, మాన్యువల్ మోడ్. నాలుగున్నర, అయిదు మధ్య షటర్ ఒకటి రెండు సెకన్లు పట్టవచ్చు. గులాబీ వెలుగు వచ్చేసరికి సెకనులో ముప్పయ్యో వంతు ప్రాంతానికి వస్తుంది. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, బట్టీ పట్టడానికి కాదు. ప్రతి రెండు మూడు నిమిషాలకూ హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసుకుంటూ, కుడి అంచుకు గుద్దుకోకుండా దాని దాకా రానివ్వండి. శిఖరం కొస మీద మిణుకు కనిపిస్తే వెంటనే షటర్ ఒక మెట్టు వేగంగా పెట్టండి. వెలుగు అక్కడ ఎంత త్వరగా మారుతుందంటే, అయిదు నిమిషాల క్రితం సరిపోయిన సెట్టింగ్ ఇప్పుడు ఫోటో పాడుచేస్తుంది.

నమ్మకం చాలకపోతే బ్రాకెటింగ్ వాడండి. సరైన ఎక్స్‌పోజర్‌కు ఒకటి, రెండు స్టాపులు తక్కువగా ఒకటి, రెండు ఎక్కువగా ఒకటి. ట్రైపాడ్ కదలకుండా రెండు సెకన్ల టైమర్‌తో మూడూ తీసేయండి. ఇంట్లో చూస్తే ఎక్కువసార్లు తక్కువ ఎక్స్‌పోజర్ ఫ్రేమ్ ఒక్కటే సరిపోతుంది. మిగతా రెండూ టెన్షన్ తగ్గించడానికి పనికొస్తాయి. కలిపేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. నీళ్లలో కనిపించే ప్రతిబింబం అసలు కొండ కంటే ఎప్పుడూ కాస్త ముదురుగానే ఉంటుంది. నీళ్లను లాగీ లాగీ కొండ కంటే వెలుగ్గా చేసిన ఫోటోలు నెట్ నిండా ఉన్నాయి. చూసినవాళ్లకు ఎక్కడ తేడా ఉందో చెప్పడం రాకపోయినా, ఏదో అబద్ధంగా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

వైట్ బ్యాలెన్స్ (రంగులను సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదలకండి. గులాబీ రంగును కెమెరా తప్పుగా వచ్చిన రంగనుకుని దిద్దేస్తుంది. డేలైట్‌లో పెట్టి మరిచిపోండి. రా ఫైల్‌లో తర్వాత మార్చుకోవచ్చు నిజమే, కానీ స్క్రీన్ మీద రంగు చప్పగా కనిపిస్తే అక్కడికక్కడే నీరసం వచ్చి తీయడం మానేస్తాం.

ఫిల్టర్లు. మీరు అడిగిన గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ మొరైన్‌లో దండగ. పైన నలుపు, కింద పారదర్శకంగా ఉండే ఆ గాజు, ఆకాశం నేల సమంగా కలిసే సముద్రతీరానికి బాగుంటుంది. విశాఖ బీచ్‌లో వాడుకోండి. ఇక్కడ రంపపు పళ్లలా ఉన్న శిఖరాల మీద దాన్ని ఎక్కడ పెట్టినా, మీకు కావలసిన గులాబీ కొసలే నల్లబడతాయి. పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును బాగా తగ్గించే నల్లటి గాజు) కూడా అక్కర్లేదు. తెల్లవారుజామున షటర్ ఎలాగూ నెమ్మదిగానే ఉంటుంది.

కొనాలని ఉంటే పోలరైజర్ (నీళ్ల మీది మెరుపును తగ్గించే ఫిల్టర్) ఒక్కటి కొనండి. అది కూడా సూర్యోదయానికి కాదు. పొద్దున దాన్ని తిప్పితే నీళ్లలో ప్రతిబింబం మాయమైపోతుంది, మీరు అంత దూరం వచ్చిందే దానికోసం. ఎండ నీళ్ల మీదికి దిగాక బిగించి మెల్లగా తిప్పండి. పైన మెరుపు పోయి లోపలి రంగు ఒక్కసారిగా తేలుతుంది. 18 ఎంఎం దగ్గర వాడితే ఆకాశం ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క లేతగా వస్తుంది. కాబట్టి 28, 30 దాకా జూమ్ చేసి వాడండి.

లెన్స్. మీ దగ్గరున్నవి చాలు. అందరూ అల్ట్రావైడ్ తెచ్చి 12 ఎంఎం దగ్గర తీస్తారు. సరస్సు సముద్రమంత పెద్దదై కొండలు పుట్టల్లా కుంచించుకుపోతాయి. ఇంటికెళ్లాక 'అక్కడ ఇంత చిన్నగా లేవే' అనుకుంటారు. 18-55లో 22 నుంచి 35 మధ్య పని జరుగుతుంది. వెడల్పు కావాలంటే కెమెరాను నిలువుగా తిప్పి, పక్కపక్కన ఆరేడు ఫ్రేములు మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేలా తీసి, తర్వాత పనోరమాగా కలుపుకోండి.

నా మాట వింటే అసలు ఫోటో మీ 55-250లో ఉంది. గులాబీ వెలుగు మొదలవగానే 120, 150 దగ్గర ఒకే శిఖరం మీద పెట్టి చూడండి. మామూలు కంటికి మచ్చలా కనిపించే మంచు చార దగ్గర నుంచి చూస్తే నిటారు గాడిలో పేరుకున్న పాత మంచు. దాని ఒక అంచు గులాబీ, రెండో అంచు ఇంకా నీలం. రాతి పొరలు అడ్డగీతలుగా, ఒక్కో పొర కింద సన్నటి నీడ. రెండు నిమిషాల్లో ఆ నీలం అంచు కూడా కరిగిపోతుంది. ఆ ఫ్రేమ్‌లో సరస్సు ఉండదు, ఏ ఊరో కూడా చెప్పలేరు. అయినా నా గోడ మీద ప్రింటు వేయించుకున్నది అలాంటిదే, నోటు మీది బొమ్మ కాదు. జూమ్‌తో తీసేటప్పుడు గాలికి ట్రైపాడ్ ఊగుతుంది కనుక ఐఎస్ఓ 400 దాకా పెంచి షటర్ వేగంగా పెట్టండి.

ఫోకస్ విషయంలో చీకట్లో ఆటోఫోకస్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) జూమ్ చేసి అవతలి గట్టు చెట్ల మీద చేత్తో ఫోకస్ పెట్టి, మాన్యువల్‌లో అలాగే వదిలేయండి. జూమ్ రింగ్ తిప్పితే మాత్రం మళ్లీ చూసుకోవాలి. రాక్‌పైల్ కింద నీటి అంచున కొట్టుకొచ్చిన మాన్లు గుట్టగా పడి ఉంటాయి. వాటిని ముందు పెట్టుకుని కింది నుంచి తీస్తే బాగుంటుంది. అలాంటప్పుడు మాన్ల మీద ఒకటి, కొండల మీద ఒకటి ఫోకస్ పెట్టి రెండు తీసుకుని కలుపుకోవడం తేలిక. తడి మాను మీద నిలబడి తీయాలని మాత్రం చూడకండి. అది జారుతుంది, నీళ్లు మంచులా చల్లగా ఉంటాయి.

ఇక వాతావరణం. దీన్ని లెన్సు కంటే ముందు పెట్టాల్సింది. చాలామంది లేక్ లూయిస్ వాతావరణ సూచన చూసి 'క్లియర్ స్కై' అంటే సంబరపడతారు. మబ్బు లేని ఆకాశం బోసిగా ఉంటుంది. కొండల మీద అక్కడక్కడ మబ్బు ఉండాలి, తూర్పున మాత్రం ఆకాశం తెరిచి ఉండాలి. వెలుగు వచ్చేది అటు నుంచే కదా. అందుకని రాత్రి పడుకునే ముందు శాటిలైట్ చిత్రంలో తూర్పు వైపు, కాల్గరీ మైదానం మీద మబ్బు ఉందా అని చూడండి. అక్కడ దట్టంగా ఉంటే కొండ మీద చుక్కలు కనిపిస్తున్నా గులాబీ రాదు. నా అనుభవంలో ఎక్కువ ఉదయాలు పాడయ్యేది ఇలాగే. జూలై రెండో సగం నుంచి కార్చిచ్చుల పొగ కూడా రావచ్చు. పల్చటి పొగ రంగును పెంచుతుంది, దట్టమైతే శిఖరాలే కనిపించవు. మీకు రెండు ఉదయాలు వీలైతే రెండూ పెట్టుకోండి.

ప్రతిబింబం కావాలంటే గాలి ఉండకూడదు. సాధారణంగా రాత్రి చల్లబడిన గాలి సర్దుకుని తెల్లవారుజామున నీళ్లు నిలకడగా ఉంటాయి. ఎండ కొండవాలును వేడి చేయగానే గాలి కదులుతుంది, ఆపైన పడవలు దిగుతాయి. పూర్తి ప్రతిబింబం దొరికేది అప్పటి లోపలే. సన్నటి అల ఉన్నా బెంగ పడకండి, గులాబీ నీళ్లలో చారలుగా సాగి అదో అందంగా ఉంటుంది.

అక్కడికి చేరడం. ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం. 2023 నుంచి మొరైన్ లేక్ రోడ్డు మీద సొంత కార్లను రానివ్వడం లేదు. రెంటల్ కారు కూడా సొంత కారు కిందే లెక్క. నేషనల్ పార్కులు చూసే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా షటిల్ ఉంది, లైసెన్సు ఉన్న ప్రైవేటు షటిళ్లు ఉన్నాయి, సైకిల్ మీద వెళ్లవచ్చు. రోడ్డు జూన్ మొదటి నుంచి అక్టోబర్ మధ్య వరకే తెరిచి ఉంటుంది. లేక్ లూయిస్ స్కీ రిసార్ట్ దగ్గరి పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టి షటిల్ ఎక్కాలి. సూర్యోదయానికి వెళ్లేవాళ్ల కోసం ఆల్పైన్ స్టార్ట్ అని తెల్లవారుజామున 4కీ, 5కీ బయలుదేరేవి వేరుగా ఉంటాయి. జూలైలో మీకు కావలసింది 4 గంటలది. 5 గంటలదానిలో వెళితే దిగి రాక్‌పైల్ ఎక్కేసరికి గులాబీ మొదలైపోతుంది, ట్రైపాడ్ పెట్టే చోటు వెతుక్కోవడంలోనే సరిపోతుంది.

టికెట్లలో కొంత భాగం వసంతంలో బుకింగ్ తెరిచినప్పుడే వదులుతారు. మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం 8 గంటలకు, అక్కడి మౌంటెన్ టైమ్ ప్రకారం. మొదటి విడత అయిపోయిందని ప్లాన్ మార్చుకోకండి. రెండు రోజుల ముందు ఎనిమిదికి అయిదు నిమిషాల ముందే లాగిన్ అయి కూర్చోండి. ఐఆర్‌సీటీసీలో తత్కాల్ కొట్టిన చేతులు మనవి, ఇదొక లెక్క కాదు. వేళలు, నియమాలు ఏటా కొంచెం మారుతుంటాయి కనుక బుక్ చేసేముందు పార్క్స్ కెనడా పేజీలో ఆ ఏడాది వివరాలు చూసుకోండి. పార్క్ ప్రవేశ నియమాలు కూడా అక్కడే ఉంటాయి.

కాల్గరీ నుంచి లేక్ లూయిస్ సుమారు 180 కిలోమీటర్లు, రెండు గంటలు. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకు పెద్దవాళ్లను లేపి చీకట్లో బండి నడపడం నేనైతే చేయను. ముందు రాత్రి లేక్ లూయిస్‌లోనో, బాన్ఫ్‌లోనో దిగండి. అవి ఖరీదనిపిస్తే పార్క్ బయట కాన్‌మోర్ ఉంది, అక్కడి నుంచి గంట లోపే.

అమ్మానాన్నల సంగతి అడగలేదు కానీ చెబుతాను. రాక్‌పైల్‌కి వెనక వైపు నుంచి మెట్లతో దారి ఉంది, కొద్ది నిమిషాల నడక. మోకాళ్ల నొప్పులు ఉంటే ఆ మెట్లు ఇబ్బందే. సరస్సు ఒడ్డునే చదునైన దారిలో కూర్చోబెట్టండి, అక్కడి నుంచి కూడా కొండల మీది వెలుగు చక్కగా కనిపిస్తుంది. జూలై అయినా ఆ వేళకు చలి సున్నాకు దగ్గర్లో ఉండవచ్చు. మంకీ క్యాపులు, స్వెటర్లు, ఫ్లాస్కులో టీ తప్పనిసరి. ఆకలేస్తే పులిహోర తినండి కానీ మెతుకు కూడా అక్కడ రాల్చకండి. రాళ్ల సందుల్లోంచి చిప్‌మంకులు (ఉడతల లాంటివి) కాళ్ల దగ్గరికి వచ్చి అడుక్కుంటాయి. వాటికి ఏదైనా పెట్టడం నేషనల్ పార్క్‌లో నేరం, వాటి ఆరోగ్యానికీ చేటు. తిరిగి రావడానికి షటిల్ టైమ్ ముందే ఖరారు చేసుకోనక్కర్లేదు, వరుసలో నిలబడి ఎక్కేయవచ్చు. కాబట్టి ఎండ నీళ్ల మీదికి వచ్చేదాకా నింపాదిగా ఉండవచ్చు. వాళ్లు అలిసిపోతే అదే టికెట్ మీద అక్కడి నుంచి లేక్ లూయిస్‌కు కనెక్టర్ బస్సు కూడా ఉంటుంది.

ఎలుగుబంట్లు ఉన్న లోయ అది. జనం ఉన్న రాక్‌పైల్ మీద భయం లేదు. పక్కనున్న లార్చ్ వ్యాలీ, కన్సొలేషన్ లేక్స్ దారుల్లోకి వెళితే బేర్ స్ప్రే దగ్గరుంచుకోండి, గుంపుగా మాట్లాడుకుంటూ నడవండి. కొన్ని సమయాల్లో నలుగురికి తక్కువైతే వెళ్లకూడదని బోర్డు పెడతారు. బేర్ స్ప్రేను విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనండి లేదా అద్దెకు తీసుకోండి. డ్రోన్ ఉంటే ఇంట్లోనే వదిలేసి రండి, కెనడా నేషనల్ పార్కుల్లో పర్మిషన్ లేకుండా ఎగరేయడం నిషేధం.

రాక్‌పైల్ మీద గొడవలు చాలావరకు టార్చిలైట్ల వల్ల వస్తాయి. పక్కనున్నవాళ్లు రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ తీస్తుంటే మీ హెడ్‌ల్యాంప్ వాళ్ల ముందు రాళ్ల మీద పడితే ఆ ఫ్రేమ్ పోయినట్టే. ఎర్ర లైటు ఉంటే అది వాడండి, చోటు దొరికాక ఆర్పేయండి. ఈమధ్య పట్టుచీర, లెహంగా వేసుకుని ప్రీ వెడ్డింగ్ షూట్లకు మనవాళ్లు కూడా బాగానే వస్తున్నారు. తప్పులేదు. డబ్బు తీసుకుని తీసే ఫోటోగ్రాఫర్‌కు మాత్రం పార్క్ నుంచి అనుమతి ఉండాలి, బుక్ చేసుకునేముందు అడగండి. మీలా సొంతానికి తీసుకునేవాళ్లకు ఏ పర్మిషనూ అక్కర్లేదు.

షటిల్ టికెట్ దొరకకపోతే ట్రిప్ దండగ అనుకోకండి. లేక్ లూయిస్ సరస్సు కూడా సూర్యోదయానికి మొరైన్‌కు ఏమాత్రం తీసిపోదు. సరస్సు అవతలి కొసన మౌంట్ విక్టోరియా, దాని మీది మంచు నేరుగా తొలి వెలుగును పట్టుకుంటాయి. కారు వెళుతుంది, పార్కింగ్‌కు డబ్బు కట్టాలి, వేసవిలో తెల్లవారకముందే నిండిపోతుంది. అదీ కుదరకపోతే బాన్ఫ్ ఊరి దగ్గరి టూ జాక్ లేక్‌కు వెళ్లండి. మౌంట్ రండిల్ ఎదురుగా ఉంటుంది, ఒడ్డుకు ఆనుకునే పార్కింగ్, అమ్మానాన్నలకు నడిచే పనే లేదు. అదే రండిల్ వర్మిలియన్ లేక్స్ నుంచి నల్లటి ఆకారంగా, వెనక రంగుల ఆకాశంతో కనిపిస్తుంది. చాలామంది ఊహించుకుని వచ్చే సూర్యోదయం లాంటిది కావాలంటే అదే. ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీద హెర్బర్ట్ లేక్ చిన్నది, లోతట్టున ఉండి గాలికి తక్కువ కదులుతుంది. ఇంకాస్త ముందుకు పోతే బో లేక్. జనం తక్కువ కావాలంటే నేను వెళ్లేది దానికే.

మీతో వచ్చినవాళ్ల దగ్గర ఫోన్ మాత్రమే ఉంటే, కొండ మీద వేలు పెట్టి ఎక్స్‌పోజర్ తగ్గించమనండి. ఫోన్లు నీడలను ఎక్కువగా వెలిగిస్తాయి, ఆ ఒక్క పనితో సగం సమస్య తీరుతుంది.

ఎడిటింగ్‌లో ఎక్కువ చేయకండి. ముందు నీడలు కొద్దిగా లేపండి, ఆకాశం కొద్దిగా దించండి. రంగుల గాఢత పెంచే శాచురేషన్ స్లైడర్ జోలికి చివర్లో, భయపడుతూ వెళ్లండి. మొరైన్ నీళ్లు అసలే నమ్మలేని రంగు. దానికి మరో ఇరవై కలిపితే పెళ్లి పందిట్లో లైటింగ్‌లా తయారవుతుంది.

చివరిగా ట్రైపాడ్. తేలికపాటిది సరిపోతుందా అన్నారు. సరిపోతుంది, మధ్య కాలమ్ పైకి లేపకుండా వాడితే. రాక్‌పైల్ మీద నేల సమంగా ఉండదు. ఒక కాలు రెండు రాళ్ల సందులో దిగుతుంది, ఇంకోటి గుండ్రటి రాయి మీద జారుతుంది. మూడు కాళ్లూ వేరువేరు పొడవులకు లాగి, ఒకటి వాలు వైపు ముందుకు పెట్టండి. కెమెరా పెట్టకముందే పైనుంచి చేత్తో గట్టిగా నొక్కి చూడండి. బ్యాగు కాలమ్ కొక్కేనికి తగిలించండి, కానీ గాలికి ఊగకుండా అడుగు రాయికి ఆనేలా. అన్నిటికంటే సన్నని కాళ్ల గొట్టాలు వీలైనంత వరకు బయటికి తీయకండి, ఊగేది అవే. స్పేర్ బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలే చోట పెట్టుకోండి. ఆ చలికి కెమెరాలోది మీరు అనుకున్న దానికంటే ముందే దిగిపోతుంది.